ఎన్ని నెలలైందని కాదు, కాలు ఎంత బరువు లాగగలుగుతోందని అడగండి

నిన్న సాయంత్రం మా హైస్కూల్ గ్రౌండ్‌లో ఇంటర్ చదివే పిల్ల ఒకతి మోకాలికి క్యాప్ వేసుకుని కబడ్డీలో రైడ్‌కి వెళ్తోంది. ఆపరేషన్ అయి ఎన్నాళ్లయిందని అడిగాను. "నాలుగు నెలలక్కా, నొప్పేమీ లేదు" అంది. పక్కనే ఉన్న వాళ్ల నాన్న, "డాక్టర్ గారు ఆరు నెలలన్నారమ్మా, మా గుంటకి తొందరగా తగ్గిపోయింది" అని సంబరంగా చెప్పాడు. రాత్రంతా నాకు నిద్ర పట్టలేదు. అందుకే ఇది రాస్తున్నాను. పెద్ద పోస్టే అవుతుంది. ఇంట్లో ఆటలాడే పిల్లలున్నవాళ్లు ఓపిక చేసుకుని చివరిదాకా చదవండి.

నాది ఆమదాలవలస దగ్గర పల్లెటూరు. కబడ్డీలో రైడర్ని. నా ఎడమ మోకాలికి రెండు ఆపరేషన్లయ్యాయి. మొదటిదాని తర్వాత నేను సరిగ్గా ఆగి ఉంటే రెండోది వచ్చేదే కాదని నా నమ్మకం.

2022 ఆగస్టులో ప్రాక్టీస్ చేస్తుండగా బోనస్ పాయింట్ కోసం కాలు చాచి, గబుక్కున వెనక్కి తిరగబోయాను. పాదం నేలకి పట్టేసినట్టు ఉండిపోయింది, ఒళ్లు మాత్రం తిరిగింది. లోపల టప్పుమని చప్పుడు వినబడింది. నన్ను ఎవరూ ముట్టుకోలేదు, పట్టుకోలేదు. చాలామందికి ఈ దెబ్బ ఇలాగే తగులుతుందని తర్వాత తెలిసింది. గంట తిరిగేసరికి మోకాలు కొబ్బరికాయంత అయింది. మా మేనత్త చూసి, "ఏటీ కాదే, బెణికినాది, నూనె రాసి ఈడిస్తే తగ్గిపోద్ది" అంది. పక్క ఊళ్లో కట్టు కట్టే పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లారు. ఆయన పట్టు వేసి పంపించాడు, డబ్బులు కూడా తీసుకోలేదు. మూడు వారాల్లో వాపు దిగింది. నడిచాను, సైకిల్ తొక్కాను. తగ్గిపోయిందనే అందరం అనుకున్నాం.

ఇక్కడే మనవాళ్లంతా మోసపోతాం. మోకాలి మధ్యలో తొడ ఎముకనీ కింది ఎముకనీ కలిపి పట్టి ఉంచే తాడులాంటిది ఒకటుంటుంది. ఏసీఎల్ అంటారు. అది పూర్తిగా తెగితే రెండు కొసలూ వాటంతటవే అతుక్కోవడం చాలా అరుదు. వాపు దిగిందంటే లోపల చేరిన రక్తం, నీరు ఇంకిపోయాయని అర్థం. అంతేగాని తాడు అతికిందని కాదు. తిన్నగా నడిచి బజారుకెళ్లి రావడానికి ఆ తాడుతో పెద్దగా పని లేదు. పరిగెత్తుతూ ఆగాలన్నా, పక్కకి మళ్లాలన్నా, ఎగిరి దిగాలన్నా అది కావాలి. కబడ్డీ అంటే అదే కదా. 2023 సంక్రాంతికి మా ఊరి పోటీల్లో దిగాను. మూడో రైడ్‌లో మోకాలు పక్కకి జారిపోయింది. ఈసారి ఎముకల మధ్య ఉండే మెత్త, మెనిస్కస్, అది కూడా చిరిగింది. నూనె రాసి ఈడ్చే బదులు ఆగస్టులోనే స్కాన్ తీయించి ఉంటే ఆ మెత్త మిగిలేది.

మార్చిలో విశాఖలో ఆపరేషన్. అమ్మ గాజులు కుదువ పెట్టింది. నాన్న ధాన్యం డబ్బులు అటే పోయాయి. మా టీమ్ వాళ్లు, ఊరి కుర్రాళ్లు చందాలు వేసుకుని మిగతాది సర్దారు. ఆ రుణం నేను ఎప్పటికీ తీర్చుకోలేను. కానీ ఒక మాట చెప్పకుండా ఉండలేను. ఆపరేషన్‌కి కదిలిన ఊరు ఫిజియోథెరపీ దగ్గరికొచ్చేసరికి ఆగిపోయింది. సిట్టింగ్‌కి 300 రూపాయలు, శ్రీకాకుళం పోయిరావడానికి బస్సు ఛార్జీలు వేరే. వారానికి రెండుసార్లు ఎనిమిది నెలలు తిరిగితే 20,000 దాటుతుంది. "కాళ్లు చేతులు ఊపడానికి 300 ఏటమ్మా, ఇంట్లో ఊపుకోలేవా" అన్నారు. నేనూ అదే నిజమనుకుని అయిదు సిట్టింగులకి మానేశాను. ఆసుపత్రిలో చేతికిచ్చిన కాగితం మీద నాలుగు బొమ్మలు, కింద ఒక లైను: ఆరు నెలల తర్వాత ఆటలు ఆడవచ్చు. తొడ ఎంత బలంగా ఉండాలో, ఒంటికాలి మీద ఎంత దూరం గెంతగలగాలో, అది ఎవరు చూసి చెప్తారో అందులో లేదు.

ఆ తాడు సంగతి నాకు అప్పుడే ఎవరైనా చెప్పి ఉంటే ఎంత బాగుండేది! తెగినదాన్ని కుట్టరు. మన తొడ వెనక కండరం నుంచో, మోకాలి చిప్ప కింది నుంచో ఒక నరంలాంటి పట్టీ తీసి, ఎముకల్లో రంధ్రాలు చేసి అక్కడ బిగిస్తారు. బిగించిన రోజున అది ప్రాణం లేని తాడే. తర్వాత మన ఒళ్లు దానిలోకి రక్తనాళాలు పంపించి, పాతది కరిగించి కొత్తది కట్టుకుంటూ వస్తుంది. అలా కరిగి కట్టుకునే కాలంలో, అంటే రెండు మూడు నెలలప్పుడు, ఆ తాడు బిగించిన రోజుకన్నా కూడా బలహీనంగా ఉంటుంది. మనకి నొప్పి పోయి, కుంటడం మానేసి, కాలు తేలిగ్గా అనిపించేది కూడా సరిగ్గా అప్పుడే. నిన్న గ్రౌండ్‌లో ఆ పిల్ల "నొప్పేమీ లేదు" అన్నప్పుడు నా గుండె జారిపోయింది ఇందుకే.

నేను అయిదో నెలలో దిగాను. ఆగస్టులో సెలెక్షన్స్. మా సార్ మంచివారే, నన్ను చిన్నప్పటి నుంచి ఆడించినవారే. "ఈసారి పోతే సర్టిఫికెట్ పోద్దమ్మా, మెల్లగా ఆడు" అన్నారు. స్పోర్ట్స్ కోటా ఉద్యోగం మీద ఒక ఇల్లు ఎంత ఆశ పెట్టుకుంటుందో మా వైపు ఇళ్లలో పుట్టినవాళ్లకి తెలుసు. ఆమదాలవలస పక్కన ఊసవానిపేట నుంచి కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ వెళ్లి కాంస్యం తెచ్చింది. విజయనగరం పక్కన కొండవెలగాడలో ఆడపిల్లలు ఇప్పటికీ బరువులెత్తుతున్నారు, ఆ ఊరి మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్‌లో పతకం గెలిచింది. వాళ్లని చూస్తూ పెరిగిన పిల్లలం మేం. మెల్లగా ఆడమంటే ఎలా ఆడతాం? కోర్టులో గీత దాటాక మెల్లగా ఆడే రైడర్ ఎవరైనా ఉంటారా? క్యాంపు మూడో రోజున మళ్లీ అదే చప్పుడు. అప్పుడు కూడా నన్నెవరూ ముట్టుకోలేదు.

రెండోసారి మంచం మీద ఉన్నప్పుడు చదవడం మొదలుపెట్టాను. నార్వేలోని ఓస్లో, అమెరికాలోని డెలావేర్ వాళ్లు కలిసి చేసిన అధ్యయనం ఒకటి 2016లో వచ్చింది. ఆపరేషన్ తర్వాత తొమ్మిది నెలల వరకూ, ఆటకి తిరిగి వెళ్లడాన్ని ఒక్కో నెల వాయిదా వేసిన కొద్దీ మళ్లీ మోకాలు దెబ్బతినే అవకాశం దాదాపు సగానికి తగ్గిందని అందులో తేలింది. అంతే ముఖ్యమైన సంగతి ఇంకొకటి ఉంది. దెబ్బ తిన్న కాలి తొడ బలం, బాగున్న కాలితో పోలిస్తే నూటికి తొంభై వంతులైనా లేకుండా ఆటలోకి దిగకూడదన్నది క్రీడా వైద్యులు సాధారణంగా పెట్టుకునే గీత. చిన్న వయసులో ఆటకి తిరిగి వెళ్లినవాళ్లలో దాదాపు నలుగురిలో ఒకరికి ఏదో ఒక మోకాలిలో ఆ తాడు మళ్లీ తెగుతోందని కూడా చదివాను. ఆ ఒకరిలో నేనున్నాను. ఆడపిల్లలకి అసలు మొదటి దెబ్బే మగపిల్లలకన్నా ఎక్కువగా తగులుతుంది. ఈ సంగతులు మా హాస్టల్ గోడ మీద రాసి ఉండాల్సినవి.

రెండో ఆపరేషన్ 2023 నవంబరులో. ఈసారి శ్రీకాకుళంలో ఒక ఫిజియో అక్క దొరికింది. మొదటి రోజు ఆవిడ కాలు వంచమనలేదు. మడమ కింద టవల్ చుట్ట పెట్టి, మోకాలు పూర్తిగా చాపమంది. చాపడం రాకుండా ఎంత వంచినా కుంటు పోదట. నా తొడ చుట్టూ టేపు పెట్టి కొలిచింది. కుడి తొడకన్నా ఎడమ తొడ నాలుగు సెంటీమీటర్లు తక్కువ. చూసి ఏడ్చాను. పదేళ్ల ఆట ఆ నాలుగు సెంటీమీటర్లలో కరిగిపోయినట్టు అనిపించింది.

పెద్ద సెంటర్లలో కాలి బలం కొలవడానికి లక్షల ఖరీదు మెషీన్లుంటాయి. ఈ అక్క జీడిపిక్కల బస్తాలు తూచే వేలాడే కాటా ఒకటి తెచ్చింది. పలాస వైపు ప్రతి కొట్లో కనిపించే డిజిటల్ కాటానే. నన్ను ఎత్తు బల్ల మీద కూర్చోబెట్టి, కాలు కిందికి వేలాడేసి, చీలమండకి పట్టీ కట్టి, కాటాకి ఒక కొస బల్ల కాలికి, ఇంకో కొస పట్టీకి తగిలించి, "ఇక తన్ను, నీ బలమంతా పెట్టు" అంది. ఆరో నెలలో కుడికాలు 33 కేజీలు లాగింది. ఎడమది 19. మొదటిసారి ఇంతకంటే ముందే, అయిదో నెలలోనే, సెలెక్షన్స్‌లో దిగానన్నమాట! ఆ అంకె చూశాక నాకు ఎవరూ నచ్చచెప్పాల్సిన పని లేకపోయింది. మొదటి ఆపరేషన్ తర్వాత మా సార్‌కి ఈ రెండు అంకెలూ చూపించి ఉంటే ఆయనే నన్ను పంపించేవారు కాదు. అది కూడా నాకు నమ్మకమే.

ఇక ఆ తర్వాత నెలలు. నాగావళి ఇసుక సంచిలో పోసి కాలికి కట్టుకుని లేపడం, అరుగు మెట్టు ఎక్కి దిగడం, ఒంటికాలి మీద నిలబడి గోడకి బంతి కొట్టడం. చెప్పుకోవడానికి ఏమీ ఉండదు. చప్పట్లు ఉండవు, ఎవరూ ఫొటో తీయరు. రోజూ అదే పని. మా టీమ్ టోర్నమెంట్లకి వెళ్లిపోతుంటే ఇంట్లో అరుగు ఎక్కి దిగడం ఎంత కష్టమో అనుభవించినవాళ్లకే తెలుసు.

2024 మార్చి 31న మా అన్నయ్య నన్ను విశాఖ స్టేడియానికి తీసుకెళ్లాడు. ఐపీఎల్‌లో ఢిల్లీ, చెన్నై మ్యాచ్. రిషభ్ పంత్ కోసమే వెళ్లాం. 2022 డిసెంబర్ 30న కారు ప్రమాదంలో మోకాలి లిగమెంట్లు తెగిన మనిషి, దాదాపు 15 నెలల తర్వాత మళ్లీ ఆటలోకొచ్చి, ఆ రాత్రి 32 బంతుల్లో 51 కొట్టాడు. అందరూ అతని సిక్సర్లు చూస్తుంటే నేను అతను వికెట్ల వెనక గొంతుక్కూర్చోవడం చూశాను. ప్రతి బంతికీ కూర్చుని లేచాడు. పక్క సీటాయన "చూశావా అమ్మా, మనసుంటే మార్గం ఉంటుంది" అన్నాడు. మనసు ఒక్కటే కాదండీ. అతనికి బెంగళూరు అకాడమీ, రోజంతా వెంట ఉండే ఫిజియోలు, పదిహేను నెలలు పట్టినా అడగని బోర్డు ఉన్నాయి. అతని పట్టుదలని నేను తక్కువ చేయడం లేదు. అతనికి దొరికినదాంట్లో వందో వంతు మా జిల్లా పిల్లలకి దొరకాలని అంటున్నాను.

ఇంకొందరు నీరజ్ చోప్రా పేరు చెప్తారు. 2019 మేలో ఆపరేషన్, 2020 జనవరిలో ఈటె విసిరి ఒలింపిక్స్‌కి అర్హత సాధించాడు, నీకేంటి అంటారు. అతనిది మోచేయి. తెగిన తాడు స్థానంలో కొత్తది కట్టుకోవాల్సిన మోకాలు వేరు. దయచేసి ఒకరి నెలలు ఇంకొకరికి అంటగట్టకండి.

ఆడపిల్లని కాబట్టి నాకు ఇంకో బరువు కూడా ఉండేది. "రెండుసార్లు కోయించుకున్న కాలు, ఇంక సంబంధాలు ఎలాగొస్తాయి, ఆటలు మానిపించీ" అని ఇంటికొచ్చిన ప్రతి చుట్టమూ అమ్మతో అనేది. అమ్మ ఒకరోజు, "అది నడవడం కోసం కోయించలేదు, ఆడ్డం కోసం కోయించినాం" అని ముఖం మీదే చెప్పేసింది. నేను మళ్లీ కోర్టులోకి దిగానంటే అందులో ఆ మాట పాలు చాలా ఉంది.

తొమ్మిదో నెలలో కాటా మీద ఎడమకాలు 26, కుడికాలు 34. క్యాలెండర్ ప్రకారం దిగొచ్చు. అక్క ఒప్పుకోలేదు. పదకొండో నెలలో ఎడమది 31కి వచ్చి, ఆ తొంభై వంతుల గీత దాటింది. అయినా వెంటనే మ్యాచ్ ఆడించలేదు. ముందు ఎవరూ పట్టుకోకుండా రైడ్, తర్వాత ఒక్కరే పట్టుకునేలా, ఆ తర్వాతే ఏడుగురు. భయం మాత్రం కాటాకి అందదు. మొదటిసారి చీలమండ పట్టుకున్నప్పుడు నేను పట్టు విడిపించుకునే ప్రయత్నమే చేయకుండా కింద కూర్చుండిపోయాను. మా డిఫెండర్ భయపడి వదిలేసింది. ఆ భయం పోవడానికి ఇంకో రెండు నెలలు పట్టింది. 2025 జనవరిలో, పద్నాలుగు నెలల తర్వాత, మొదటి మ్యాచ్ ఆడాను. నాలుగు పాయింట్లు తెచ్చాను.

నేను పెద్ద పెద్ద స్టేడియాలు అడగడం లేదు. జిల్లా కేంద్రంలో ఒక గది, అందులో ఉద్యోగం మీద ఒక ఫిజియో, కాళ్లతో బరువు నెట్టే లెగ్ ప్రెస్ మెషీన్ ఒకటి, ఒక కాటా. రణస్థలం పిల్ల అయినా సోంపేట పిల్ల అయినా ఆపరేషన్ తర్వాత అక్కడికొచ్చి ఉచితంగా వ్యాయామం చేసుకోవాలి. సెలెక్షన్‌కి వెళ్లే ముందు అక్కడి కాగితం చూపించాలి. ఒక్క ఆపరేషన్‌కి అయ్యే ఖర్చుతో ఎంతమంది రెండో ఆపరేషన్ ఆపొచ్చో అధికారులు ఒక్కసారి లెక్కేసుకోవాలి. ఊళ్లో చందాలు వేసేవాళ్లకి కూడా దండం పెట్టి అడుగుతున్నాను: ఆపరేషన్‌కి వసూలు చేసేటప్పుడే ఫిజియోకి 20,000 పక్కన పెట్టండి. అది లేకపోతే మిగతాదంతా నీళ్లలో పోసినట్టే.

నిన్నటి పిల్ల వాళ్ల నాన్నతో ఈ పొద్దున్న మళ్లీ మాట్లాడాను. ముందు కోపం వచ్చింది ఆయనకి. తర్వాత "ఆ కాటా ఎక్కడుందమ్మా" అని అడిగాడు. మొన్న నేనొకటి కొనుక్కున్నాను, నా దగ్గరే ఉంది. ఆదివారం పొద్దున్న ఆరింటికి హైస్కూల్ గ్రౌండ్‌కి పట్టుకొస్తాను, ఫిజియో అక్క కూడా వస్తానంది. చుట్టుపక్కల ఊళ్లలో మోకాలికి ఆపరేషన్ అయిన పిల్లలుంటే తీసుకురండి. స్కాన్, ఆపరేషన్ కాగితాలు మర్చిపోకండి.