పది కుండీలు లేనివాడు ఊళ్లో ఉండరాదు

మన అపార్ట్‌మెంట్ల సంఘాలకు బైలాస్ ఉన్నాయి, ఆశయమే లేదు. లిఫ్టు రిపేరు, ట్యాంకరు బిల్లు, మెయింటెనెన్సు బకాయి: పుట్టినప్పటి నుంచి పోయేదాకా ఇదే ఎజెండా. అందుచేత జపాన్‌లోని ఓమియాలో బోన్సాయ్ (చెట్టును కుండీలోనే మరుగుజ్జుగా పెంచే విద్య) పెంపకందార్ల సంఘం 1928లో పెట్టుకున్న నాలుగు నిబంధనలను మన కాలనీల్లో తక్షణం అమలు చేయాలని డిమాండ్ చేస్తున్నాం.

ముందు చరిత్ర. 1923 సెప్టెంబరు 1న వచ్చిన భూకంపం టోక్యోను నేలమట్టం చేసింది. అక్కడ బోన్సాయ్ అమ్ముకుని బతికేవాళ్లు ఉత్తరాన ఓమియాలో మంచి నీరు, మంచి గాలి, కావలసినంత జాగా చూసుకుని 1925లో ఊరు కట్టుకున్నారు. వీధులకు చెట్ల పేర్లే పెట్టుకున్నారు. ఒక్క కార్పొరేటరు పేరైనా పెట్టకుండా ఊరెలా నడిచిందో పరిశోధించాల్సిన విషయమే.

నిబంధనలివి. ఇంటికి పది కుండీలకు తక్కువ కాకుండా బోన్సాయ్ ఉండాలి. ఎవరొచ్చినా చూసేలా వాకిలి తెరిచి ఉంచాలి. గోడ బదులు మొక్కల కంచె వేయాలి. రెండంతస్తుల ఇల్లు కట్టరాదు. నాలుగోది చదివి బిల్డర్లకు గుండెపోటు వస్తే మాకు సంబంధం లేదు. ఐదంతస్తులకు అనుమతి తీసుకుని, ఆరోది వేసి, దానికి పెంట్‌హౌస్ అని నామకరణం చేసే సంస్కృతి మనది. పక్కింటి చెట్టు మీద నీడ పడుతుందని మేడ మానుకునే పిచ్చివాళ్లు ఇక్కడ పుట్టరు.

మొదటి నిబంధన మాత్రం మనకు నల్లేరు మీద నడకే. చెట్లు కొననే అక్కర్లేదు. పాత ప్రభుత్వాఫీసుల పిట్టగోడలు, సన్‌షేడ్లు చూడండి. పిట్టల రెట్టతో పడిన రావి, మర్రి, జువ్వి మొలకలు మట్టి లేక, నీళ్లు లేక, ఏళ్ల తరబడి అక్కడే వంకర్లు తిరుగుతున్నాయి. జపాన్ గురువులు పాతికేళ్లు కొమ్మలకు లోహపు తీగ చుట్టి తెచ్చే ఒంపును మన ఇంజినీర్లు కన్నెత్తి చూడకుండానే సాధించారు.

అయితే పీకి తెస్తానంటే కుదరదు. లాగితే వేరు మీది తొక్క ఊడి గోడలోనే ఉండిపోతుంది, చేతికి పుల్ల మిగులుతుంది. తొలకరి పడ్డాక, అడిగి, గోడ పగులు తడిపి, ఉలితో సిమెంటు కొట్టి జానెడు వేరైనా దక్కేలా తీయాలి. తొడిమలు వదిలి ఆకులు కత్తిరించాలి. పాలు కారడం ఆగాకే నాటాలి. మొదటి ఏడాది లోతైన తొట్టి చాలు. పళ్లెం లాంటి కుండీ మీద మోజుంటే వేరు ముదిరేదాకా ఓపిక పట్టండి.

చాలా చెట్లు చచ్చేది మట్టి దగ్గరే. ఉత్త ఎర్రమట్టి వానల్లో బురద, మే నెలలో ఇటుక. శనగ గింజంత ఇటుక ముక్కలు మూడు పాళ్లు, ముతక ఇసుక ఒక పాలు, వర్మీకంపోస్టు ఒక పాలు కలపండి. ఇటుక పొడిని జల్లెడ పట్టి పారేయాలి. ఉంచితే అడుగున పేరుకుని నీళ్లు దిగనివ్వదు, వేరు కుళ్లుతుంది. పోసిన నీళ్లు పది సెకన్లలో అడుగు చిల్లు నుంచి రాకపోతే ఆ మిశ్రమం గోడ ప్లాస్టరింగుకే పనికొస్తుంది.

తీగ చుట్టడంలో మనవాళ్ల శ్రద్ధ అపారం, విప్పడం గుర్తుండదు. కొమ్మ మందంలో మూడో వంతుండే అల్యూమినియం తీగను 45 డిగ్రీల వాలులో చుట్టాలి. వానాకాలంలో రావి, మర్రి జాతి కొమ్మ చూస్తుండగానే లావెక్కుతుంది. నెల తిరిగేసరికి చూసి ముక్కలుగా కత్తిరించి తీయాలి. దసరాకి చూద్దాంలే అనుకుంటే తీగ బెరడులో దిగబడి మరచుట్లు మిగులుతాయి. ఎగ్జిబిషన్లో దాన్ని ‘ప్రయోగాత్మక శైలి’ అని చెప్పుకోవచ్చు.

ఇక వాస్తువాదుల అభ్యంతరం: మరుగుజ్జు చెట్టుంటే ఇంటి యజమాని ఎదుగుదల ఆగిపోతుందట. వాషింగ్టన్‌లోని జాతీయ బోన్సాయ్ మ్యూజియంలో 1625 నుంచి కుండీలో పెరుగుతున్న పైన్ చెట్టు ఉంది. మొదట్లో అది యమాకి అనే జపాన్ కుటుంబానిది. 1945 ఆగస్టు 6న హిరోషిమాలో బాంబు పడిన చోటికి సుమారు మూడు కిలోమీటర్ల దూరంలో, వాళ్ల తోటలో ఉంది. చెట్టూ బతికింది, కుటుంబమూ బతికింది. 1976లో దాన్ని అమెరికాకే బహుమతిగా ఇచ్చారు. బాంబు సంగతి మ్యూజియానికి 2001లో, చెట్టు ఇచ్చినాయన మనవళ్లు చూడటానికి వచ్చి చెబితేనే తెలిసింది. కాకపోతే ఆ చెట్టును కాపాడింది తోట చుట్టూ ఉన్న గోడేనంటారు. కాబట్టి మొక్కల కంచె నిబంధనకు సవరణ ప్రతిపాదిస్తున్నాం: ప్రహరీ ఉండొచ్చు, దాని మీద గాజుపెంకులు మాత్రం వద్దు.

యుద్ధకాలంలో బోన్సాయ్ విలాసమనిపించుకుంది. ఒకప్పుడు ముప్పైకి పైగా తోటలున్న ఓమియాలో ఇప్పుడు మిగిలినవి అరడజనుకు అటూ ఇటూ. అక్కడ 2010లో మ్యూజియం కట్టారు.

మన దగ్గర యుద్ధం అక్కర్లేదు, వేసవి సెలవులు చాలు. ఓనరు ఊరెళ్తాడు. కుండీలు కాలే డాబా మీదే ఉంటాయి. వాచ్‌మన్ మిట్టమధ్యాహ్నం పైపు పెడితే అందులోంచి మొదట వచ్చేది సలసల కాగిన నీళ్లు. వెళ్లేముందు కుండీల కింద ఇటుకలు పెట్టి, సగం నీడనిచ్చే గ్రీన్ నెట్ కట్టి, పొద్దునా సాయంత్రమూ నీళ్లు పోయమని చెప్పాలి. మే 31న కుండీల లెక్క తీసి, పదికి తగ్గినవాళ్ల పార్కింగు రద్దు చేయాలని తీర్మానం సిద్ధం చేశాం. అధ్యక్షుల వారి బాల్కనీ చూసొచ్చాక దాన్ని తొలకరికి వాయిదా వేశాం.