లాభమొస్తే తన తెలివి, నష్టమొస్తే ఎవడిదో కుట్ర

నాకు తెలిసిన ఓ పెద్దమనిషి ఉన్నాడు. కొన్న షేరు పెరిగినన్నాళ్లూ "నేను ముందే చెప్పానుగా" అని ఒకటే గొప్పలు. పడగానే తప్పంతా ఫలానా షేరు కొనమని టిప్ ఇచ్చినవాడిది, బ్రోకర్‌ది, ప్రభుత్వానిది! ఆ కంపెనీ ఏం తయారుచేస్తుందో తెలీదు, బ్యాలెన్స్ షీట్ తెరిచిన పాపాన పోలేదు. పైగా అప్పు తెచ్చి మరీ ఆప్షన్లు (గడువు తేదీకి ముందే అనుకున్న ధరకు షేరు కొనే లేదా అమ్మే హక్కు) కొనడం. గడువు తేదీకి ధర అనుకున్న వైపు రాకపోతే ఆ హక్కు కోసం కట్టిన ప్రీమియం మొత్తం పోవచ్చని ముందే తెలుసుకోవడానికేం రోగం? 50 శాతం పోయిందంటే అసలు చేతికి రావాలన్నా ఉన్నది 100 శాతం పెరగాలి. ఈ పాటి లెక్క చెప్పబోతే నా మీదే చిరాకు. నిజంగా మోసం జరిగితే ఫిర్యాదు చేయండి, కాదనను. కానీ కొనే బటన్ నొక్కిన వేలు ఎవరిదండీ? నిన్న మళ్లీ అదే పెద్దమనిషి ఫోన్: "కొత్త టిప్ వచ్చింది, ఈసారి గ్యారంటీ అట!"