‘అవే అలవాటు పడతాయిలే’ అట!

కోపంతో చెయ్యి ఇంకా వణుకుతోంది, టైపింగ్‌లో తప్పులుంటే సర్దుకోండి. ఛీ, ఆ మాట వాడనని ఇందాకే ఒట్టు పెట్టుకున్నా.

మా బావగారి కుటుంబం అండమాన్ వెళ్లింది. వెళ్లిన దగ్గర్నుంచీ ఫ్యామిలీ గ్రూపులో ఫోటోల వరద. సెల్యులార్ జైలు ముందు సెల్ఫీ, కొబ్బరి బొండంతో సెల్ఫీ, సరే. ఈ పొద్దున అద్దం అడుగున్న పడవలోంచి తీసిన ఫోటో వచ్చింది. కొమ్మలు కొమ్మలుగా పగడాలు, సున్నం కొట్టిన గోడలా తెల్లగా. కింద ‘పాలరాతి తోట, సూపర్’ అని రాశారు. అందరూ చప్పట్లు.

నేను ఊరుకోవచ్చుగా? ఊరుకోలేదు. ‘బావగారూ, అది అందం కాదు, ఆకలి. నీళ్లు వేడెక్కి రంగు పోయింది వాటికి’ అని పెట్టా. ‘టీచరమ్మ క్లాసు మొదలెట్టింది’ అని మా మరిది నవ్వు బొమ్మలు. బావగారు తాపీగా, ‘ఒక్క డిగ్రీకి ఏమవుతుందమ్మా, అవే అలవాటు పడతాయిలే’.

ఒక్క డిగ్రీ! పోయిన వేసవిలో మా ఇంట్లో ఏసీ 24 నుంచి 26కి పెడితే అర్ధరాత్రి లేచి రిమోట్ కోసం సోఫా దిండ్లన్నీ తిరగేసింది ఎవరండీ?

కుజుడి కోసం వేలికి పగడం పెట్టుకున్న మనిషికి అది రాయి కాదు, జంతువు అని కూడా తెలీదు. మిల్లీమీటర్లలో కొలిచే బుల్లి జీవులు వేలకు వేలు పక్కపక్కన కాపురం పెడితే ఆ కొమ్మ అవుతుంది. ఒంట్లో కంటికి కనపడని నాచుకు చోటిస్తుంది. ఆ నాచు ఎండలో వండి పెడుతుంది, పగడానికి కావాల్సిన శక్తిలో 90 శాతం దాకా దాని చలవే. రంగు కూడా చాలావరకు దానిదే. దీన్ని సహజీవనం అంటాం. (ఈ మాట బోర్డు మీద రాయగానే ఇంటర్ పిల్లల్లో కిసకిసలు. ‘ప్రవాళ భిత్తికలు’ అని రాస్తే మాత్రం శ్మశాన నిశ్శబ్దం. పగడపు దిబ్బలు అంటే ఎవరి సొమ్ము పోయిందో!)

అక్కడి మామూలు ఎండాకాలం వేడి కంటే ఒక్క డిగ్రీ పెరిగి, నెల రోజులు అలాగే ఉంటే చాలు. వండి పెట్టాల్సిన నాచు ఒంట్లోనే విషం చిమ్మడం మొదలెడుతుంది. పగడం దాన్ని బయటికి గెంటేస్తుంది. ఇక మిగిలేది గాజు పొరలాంటి ఒళ్లు, దాని కింద తెల్లగా కనిపించే సున్నపు ఎముక. చచ్చిపోలేదు ఇంకా. చస్తే ఆ తెలుపు కూడా ఉండదు, కొన్నాళ్లకే పాచి పట్టేస్తుంది. బావగారి పాలరాతి తోట బతికే ఉంది, పస్తులతో.

అలవాటు పడవా అంటే, పాపం పడతాయి. కొన్ని వేడిని తట్టుకునే వేరే రకం నాచును పెంచుకుంటాయి. దాంతో ఒకటి, ఒకటిన్నర డిగ్రీ ఎక్కువ ఓర్చుకుంటాయి. కానీ ఆ నాచు పెట్టే తిండి తక్కువ, ఎదుగుదల మందగిస్తుంది. హవాయిలో ఒక రకం, నాచు పోయాక నీళ్లలో తేలే చిన్న ప్రాణుల్ని పట్టి ఎక్కువెక్కువ తిని ప్రాణం నిలబెట్టుకుంటుంది. బండల్లా పెరిగేవి కాస్త గట్టివి, కొమ్మల రకాలే ముందు పోతాయి.

ఇంతలో మరిది ఎక్కడిదో వీడియో పెట్టాడు, పర్షియన్ గల్ఫ్‌లో 34, 35 డిగ్రీల నీళ్లలో పగడాలు బతుకుతున్నాయి చూడు వదినా అని. బతుకుతున్నాయి నాయనా, వేల ఏళ్లు పట్టింది వాటికి. 2017లో అవి కూడా తెల్లబడి కుప్పలుగా పోయాయి. ఆస్ట్రేలియా గ్రేట్ బారియర్ రీఫ్ పగడపు దిబ్బల్లో 2016, 2017, 2020, 2022, 2024ల్లో ఇలాగే తెల్లబడ్డాయి. కోలుకోవడానికి పదేళ్లు కావాలంటే మూడేళ్లకు మించి దొరకడం లేదు. మన లక్షద్వీప్‌లో 1998 నుంచి చూస్తే పగడాలు సగానికి సగం తగ్గాయి. అలవాటు పడాలంట!

అసలు నాకు మండింది పగడాల గురించి కాదేమో. ఈ మాట ఇదే నోటి నుంచి ఇంతకుముందు విన్నా. పెళ్లయిన ఏడాది, మే నెల, విజయవాడ. మగవాళ్లంతా ఏసీ గదిలో పేకాట. పడమటి గోడ వైపు వంటిల్లు, ఒక్కటే కిటికీ. ఎగ్జాస్ట్ ఫ్యాన్‌లో పిచ్చుక గూడు పెట్టిందని స్విచ్ మీద ప్లాస్టర్ అంటించారు. పిచ్చుకల మీద చాలా జాలి ఆ ఇంట్లో. ఇరవై రెండు మందికి పూర్ణాలు వేస్తూ, బాండీ ముందు కళ్లు తిరిగి గట్టు పట్టుకున్నా. చల్లనీళ్ల కోసం వచ్చిన బావగారు చూశారు. ‘కొత్త కదా, అలవాటైపోతుందిలేమ్మా’ అని సీసా తీసుకుని వెళ్లారు. ఫ్రిజ్ తలుపు కూడా వెయ్యలేదు.

అలవాటైంది. ఆ వేసవిలో ఆరు కిలోలు తగ్గా. ‘సన్నబడి ఎంత బాగున్నావో’ అన్నారు అందరూ.

ఇది రాస్తుండగానే మళ్లీ మెసేజ్. ‘మంచి సమాచారం అమ్మా’, రెండు దండాల బొమ్మలు. దాని కిందే: ‘ఆదివారం దిగుతున్నాం, నేరుగా మీ ఇంటికే. పన్నెండు మందిమి. పులిహోర, గుత్తి వంకాయ చాలు, హడావుడి పడకు.’

ఏసీ రిమోట్ తీసి నా హ్యాండ్‌బ్యాగులో వేసుకున్నా.