కంపెనీ క్షణాల్లో, ఖాతా మాత్రం గగనం
ఎస్టోనియా 2014లో ఈ-రెసిడెన్సీని (విదేశీయులకు ఇచ్చే డిజిటల్ గుర్తింపు కార్డును) ప్రవేశపెట్టినప్పటి నుంచి హైదరాబాదులో కూర్చున్నవారు సైతం అక్కడ ఆన్‌లైన్‌లోనే కంపెనీ నమోదు చేసుకోగలుగుతున్నారు గానీ, ఆ కార్డు బ్యాంకు ఖాతాకు మాత్రం ఏ హామీ ఇవ్వదు. ఒక డెన్మార్క్ బ్యాంకుకు ఎస్టోనియా రాజధాని టాలిన్‌లో ఉన్న శాఖ గుండా దాదాపు 20,000 కోట్ల యూరోలు, అందులో చాలావరకు అనుమానాస్పదమైనవి, ప్రవహించాయని 2018లో తేలిన తరువాత అక్కడి బ్యాంకులు విదేశీ యజమానులంటేనే జంకుతూ, ఎస్టోనియాతో వ్యాపార సంబంధం చూపమంటున్నాయి (అదే ఉంటే ఈ-రెసిడెన్సీతో పనేమిటి?). పోనీ ఫిన్‌టెక్ (ఆన్‌లైన్‌లో ఆర్థిక సేవలందించే) సంస్థను ఎంచుకుందామంటే, బ్యాంకు లైసెన్సు లేనివాటికి 1,00,000 యూరోల డిపాజిట్ హామీ వర్తించదు. పైగా ఇలాంటి సంస్థలు తరచూ ఇచ్చే లిథువేనియా ఐబ్యాన్ (అంతర్జాతీయ బ్యాంకు ఖాతా సంఖ్య) చూడగానే ముఖం చిట్లించే కంపెనీలు, అలా నిరాకరించడం ఐరోపా చట్టానికి విరుద్ధమైనప్పటికీ, ఇంకా ఉన్నాయి. ఖాతా కోసం నేను పెట్టిన దరఖాస్తు ఎందుకు తిరస్కరించారని అడిగితే, కారణం చెప్పలేమన్న ముక్తసరి జవాబే నాకు దక్కింది.