కొండచిలువకి పెళ్లిచూపులు

మా అన్నయ్య కొడుకు కొండచిలువని పెంచుకుంటానన్నాడు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, వర్క్ ఫ్రం హోం అంటూ రావులపాలెం వచ్చి కూర్చున్నాడు. కుక్కయితే మీటింగ్ మధ్యలో అరుస్తుంది, పాము నోరెత్తదు అని వాడి లాజిక్.

వద్దనడానికి రెండు నిమిషాలు చాలు. కానీ మేం పద్ధతి గలవాళ్లం. మా వైపు పందెం కోడికే కుక్కుట శాస్త్రం ఉంది. డేగ పుంజు ఏ రోజు గెలుస్తుంది, కాకి పుంజు ఏ జాములో ఓడుతుంది అని లెక్కకట్టి చెప్పే పెద్దలున్న చోట, ఇరవై అడుగుల జీవాన్ని గుణం విచారించకుండా గుమ్మం ఎక్కిస్తామా? ఆదివారం భోజనాలయ్యాక అరుగు మీద కూర్చున్నాం. వాడు ఫోన్లో ఫోటోలు చూపించాడు, మేం ఒక్కో సంబంధమూ విచారించాం.

మొదటిది రెటిక్యులేటెడ్ పైథాన్. ఆగ్నేయాసియా సంబంధం, ప్రపంచంలో అన్నిటికంటే పొడవైన పాము. అమెరికాలోని కాన్సాస్ సిటీలో మెడూసా అనే ఆడపాముని 2011లో కొలిస్తే 7.67 మీటర్లు తేలింది. మా బావగారు వెంటనే టేపు తెచ్చి హాలు కొలిచి, తోక వంటింట్లో పడుకోవాలని తేల్చారు.

తెలివైంది, చురుకైంది, కాస్త ముక్కోపి అని దానికి పేరు. ఈ కోపం సంగతి నేను లోతుగా విచారించాను. పెదవుల వెంబడి దానికి వేడిని పసిగట్టే గుంటలుంటాయి. తలుపు తెరుచుకుందంటే భోజనం వచ్చిందనుకుంటుంది. లోపలికొచ్చిన మొదటి వెచ్చటి వస్తువు మీ చెయ్యి. పాపం, అది వడ్డన అనుకుంటుంది. అందుకే అనుభవం ఉన్నవాళ్లు ముందు కొక్కెం కర్రతో మెల్లగా తట్టి, ఇది భోజనం వేళ కాదని దానికి అలవాటు చేస్తారు. దీన్ని కోపం అనడం అన్యాయం. పెళ్లిళ్లలో మొదటి బంతికి తలుపులు తీసినప్పుడు మావాళ్లు దూసుకెళ్లే తీరు చూసినవాడెవడూ ఆ మాట అనడు. ఆ తోపులాటలోనే మా చిన్నాన్న వాచీ పోయింది. ఆయన్నెవరూ కొక్కెంతో తట్టలేదు.

రెండోది బర్మీస్. పిల్లప్పుడు కాస్త బుసకొట్టినా పెరిగేకొద్దీ నెమ్మదిస్తుందని పెంచినవాళ్లంతా మెచ్చుకుంటారు. ఆడది గుడ్లను చుట్టుకుని, ఒళ్లు అదిలించి వేడి పుట్టించి మరీ పొదుగుతుందని చెబితే మా అమ్మ కూడా ‘తల్లంటే అదీ’ అంది. ఇంత మంచిదన్న పేరే కొంప ముంచింది. అమెరికావాళ్లు ముచ్చటపడి కొన్నారు. పదిహేను అడుగులయ్యాక ముచ్చట తీరిపోయి, కొందరు ఫ్లోరిడా చిత్తడి నేలల్లో వదిలేశారు. అవి అక్కడ పిల్లాపాపలతో స్థిరపడి కుందేళ్లనీ, రకూన్లనీ ఊడ్చేశాయి. 2012లో దిగుమతి నిషేధించారు, 2013లో పట్టినవాళ్లకి బహుమతులిచ్చే పోటీ మొదలెట్టారు. మనకి కోరంగి మడ అడవులున్నాయి, ఎటు చూసినా కాలవలే. అల్లుడు బుద్ధిమంతుడేగానీ, ఇల్లరికం వస్తే వెళ్లే రకం కాదు.

ఆఫ్రికన్ రాక్ పైథాన్ ఫోటో వచ్చింది. పాముల్ని మెళ్లో వేసుకు తిరిగేవాళ్లే దాని గురించి ‘కాస్త జాగ్రత్త’ అంటారట. పెళ్లిళ్ల పేరయ్య ‘కుర్రాడు కొంచెం స్ట్రిక్టండి, ఆయ్’ అన్నాడంటే అర్థమేమిటో మాకు తెలుసు. తరవాతి ఫోటో చూపించమన్నాం.

ఇక మన దేశవాళీ కొండచిలువ. ఇది మేనరికం లాంటిది, ఎప్పట్నుంచో ఎరుగుదుం. ఓ వరదల్లో మా కోళ్లగూట్లో దూరింది. రెండు పెట్టల్ని మింగింది, వచ్చిన కంతలోంచి ఉబ్బిన పొట్ట బయటికి పట్టలేదు. టార్చి వేస్తే బుస కూడా కొట్టకుండా తల తీసుకెళ్లి చుట్టల్లో దాచుకుంది. కనుమ నాడు మధ్యాహ్నం మంచం మీద మా బావగారిని చూసినవాళ్లకి నేను వేరే వర్ణించక్కర్లేదు. పాములు పట్టే కుర్రాడు వచ్చి గోనెసంచిలోకి ఎక్కిస్తుంటే సహకరించింది కూడా.

గుణానికి వంకలేదు. చిక్కల్లా చట్టంతోనే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఇది మొదటి షెడ్యూల్‌లో ఉంది, పులి పక్కన. ఇంట్లో పెట్టుకుంటే కనీసం మూడేళ్లు, ఏడేళ్ల దాకా జైలు. అంటే ఇది మనింటికి రావడం కాదు, మనల్నే అత్తారింటికి పంపుతుంది. విదేశీ రకాలకైనా 2024 నాటి రూల్స్ ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖవారి పరివేష్ పోర్టల్‌లో రిజిస్ట్రేషన్ ఉండాల్సిందే. పెళ్లికే సర్టిఫికెట్ తీసుకోని మా అన్నయ్యకి ఆ మాటతో టెన్షన్ మొదలైంది.

చివరికి బాల్ పైథాన్. వీటి పక్కన మరుగుజ్జు. పశ్చిమ ఆఫ్రికా వైపుది, నాలుగైదు అడుగులకి మించి పెద్దగా పెరగదు. బెదిరితే బంతిలా చుట్టుకుని తల లోపల పెట్టుకుంటుంది, కరవడం అరుదు. బావగారు టేపు చుట్టేశారు. అందరం సరే అనబోతున్నాం.

‘మరి తిండో?’ అంది మా అమ్మ.

‘అదొక్కటే మామ్మా,’ అన్నాడు వాడు. ‘ఒక్కోసారి నెలల తరబడి ముట్టదు. ఒంట్లో బాగానే ఉంటుంది, ఊరికే తినదంతే.’

అమ్మ కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకుంది.

‘నెలలా? మనింట్లో ఉండా? మనమే పెట్టట్లేదనుకోర్రా ఊళ్లోవాళ్లు!’

ఆ సంబంధం అక్కడితో తప్పిపోయింది.