కాప్సూల్ కాఫీ మెషీన్ అల్లుడు గారికి ఒక ఉత్తరం

మా వంటింటి గట్టు మీద మిక్సీని ఓ పక్కకి నెట్టేసి దర్జాగా కూచున్న కాప్సూల్ కాఫీ మెషీన్ గారికి,

నమస్కారాలు. ఇక్కడ మేమంతా క్షేమం. మీ క్షేమం వేరే అడగక్కర్లేదు, మిమ్మల్ని క్షేమంగా చూసుకోడానికే కదా ఇంట్లో ముగ్గురు పెద్దాళ్లం పొద్దున్నే లేస్తున్నాం.

అల్లుడు గారూ అని ఎందుకు పిలుస్తున్నానంటే, మాకు ఉన్నది ఒక్క కొడుకు, ఆడపిల్లల్లేరు, కాబట్టి ఈ జన్మకి అల్లుడి మర్యాదలు తప్పాయని మా ఆవిడా నేనూ నిశ్చింతగా ఉండేవాళ్లం. జామాతా దశమ గ్రహం అన్న పెద్దలు కూతుళ్లు లేనివాళ్లకి కూడా ఆ గ్రహం పడుతుందని మాత్రం చెప్పలేదు. డల్లాస్‌లో ఉండే మా తమ్ముడు పోయిన నవంబర్లో వస్తూ మిమ్మల్ని సూట్‌కేసులో టవల్స్ చుట్టి, చాక్లెట్ల మధ్య పడుకోబెట్టి తెచ్చాడు. "అన్నయ్యా, ఇంక డికాషన్ దిగేదాకా కూచోక్కర్లేదు, బటన్ నొక్కితే అర నిమిషం, అంతే" అన్నాడు. అర నిమిషం అన్న మాట మీద నేను పెట్టిన టైము లెక్కేస్తే ఈపాటికి ఓ తోట వేసి కాఫీ కాయించేవాణ్ని.

మొదటి రోజే మీ తిండి తేడా అని తెలిసింది. మీరు తాగే కరెంటు 120 వోల్టులు, మా ఇంటికొచ్చేది 230. తమ్ముడికి గుర్తులేదు, నాకు తట్టలేదు, మా ఆవిడే మీ పొట్ట కింద స్టిక్కర్ చదివి ఆగండాగండి అని అరిచింది కాబట్టి మీరు బతికి బట్టకట్టారు. తర్వాత నేను కోఠి గుజరాతీ గల్లీలో అరపూట తిరిగి రెండువేల వాట్ల స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి మోసుకొచ్చా, మియాపూర్ మెట్రోలో ఒళ్లో పెట్టుకుంటే పక్కాయన అది ఇన్వర్టరా అనడిగాడు, అల్లుడి సామాను అని చెప్దామనుకుని ఊరుకున్నా. అది ఇప్పుడు మీ పక్కనే కూచుని రోజంతా మ్మ్‌మ్మ్ అని మూలుగుతూ ఉంటుంది. అల్లుడొచ్చాడంటే వెంట ఓ చుట్టం కూడా ఉండాల్సిందేగా.

ఇంక నీళ్లు. మా అపార్ట్‌మెంటు బోరు నీళ్లు మీ గొంతు దిగవు, సున్నం పేరుకుంటుందట, ఫిల్టర్ నీళ్లే కావాలి. అవి పోసినా కొన్నాళ్లకి మీకో ఎర్ర లైటు వెలుగుతుంది, డీస్కేలింగ్ చెయ్యమని, అంటే లోపల పేరుకున్న సున్నం వదిలించమని. ఆ ప్యాకెట్ రేటు చూసి మా అమ్మ "లోపల ఏవుందిరా అందులో, నిమ్మ ఉప్పేగా" అంది. కాదని చెప్పడానికి నెట్‌లో వెతికితే, చాలావాటిల్లో ఉండేది అలాంటి యాసిడ్ సరుకేనని తేలింది. నేను ఆవిడకి చెప్పలేదు.

అసలు సంగతి కాప్సూల్స్, అంటే మీరు ఒక్కో కాఫీకి ఒక్కోటి మింగే పొడి డబ్బీలు. మా ఇంట్లో నలభై ఏళ్లుగా కాఫీ విషయంలో ఒక్కటే నిర్ణయం జరిగింది, అది కూడా మా నాన్న తెనాలిలో ఉండగా తీసుకున్నాడు, ఎనభై పాళ్లు కాఫీ, ఇరవై పాళ్లు చికోరీ, అంతే, దాని మీద మళ్లీ చర్చ లేదు. మీరొచ్చాక మా డైనింగ్ టేబుల్ మీద రంగురంగుల డబ్బాలు బారులు తీరాయి, ఒక్కోదానికీ సంగీత కచేరీలో రాగంలాగా ఇటలీ పేరు, పక్కన ఓ నంబరు, ఆరు, ఎనిమిది, పదకొండు, పదమూడు. ఈ నంబరేంటో తెలీక మొదట్లో పెద్ద నంబరైతే ఎక్కువ కెఫీన్ అనుకున్నా, ఆఫీసులో రిలీజ్ ఉన్న రోజు పదమూడు, ఆదివారం ఆరు, అలా ఓ సొంత వైద్యం మొదలెట్టా. తీరా చూస్తే ఆ నంబరు గింజ ఎంత మాడ్చారు, ఎంత చేదు, ఎంత చిక్కన అన్న లెక్కట, కెఫీన్‌కీ దానికీ సంబంధమే లేదట. ఇన్నాళ్లూ నేను తాగింది నంబరుని.

కెఫీన్ మాటొచ్చింది కాబట్టి డెకాఫ్ వారం గురించి చెప్పాలి. తమ్ముడు తెచ్చిన వాటిల్లో ఓ ఎర్ర డబ్బా ఉంది, కలర్ బావుందని మా ఆవిడ అదే ముందు ఓపెన్ చేసింది. ఆ వారం ఇంట్లో ముగ్గురికీ తలనొప్పి. అమ్మ దిష్టి అంది, ఆవిడ సైనస్ అంది, నేను కళ్లజోడు మార్చాలేమో అనుకున్నా. ఎనిమిదో రోజు డబ్బా పారేస్తూ వెనక చీమల్లాంటి అక్షరాలు చదివితే డెకాఫ్, అంటే కెఫీన్ తీసేసిన కాఫీ! కాఫీ తాగుతూనే కాఫీ మానేసిన మనుషులం మేము.

తర్వాత పాలలోకి ఏ కాప్సూల్ అని ఇంకో పరీక్ష. ఇథియోపియా గింజ, మల్లెపూల వాసన, నిమ్మకాయ ఛాయ అని రాస్తే ముచ్చటపడి కొన్నా, ఉత్తగా తాగితే నిజంగానే బావుంది, కాదన్ను, కానీ గ్లాసుడు పాలు పోసేసరికి మల్లెపూలూ లేవు నిమ్మకాయా లేదు, కాఫీ తాగిన గ్లాసు తొలవకుండా అందులోనే పాలు పోసిచ్చినట్టుంది. పాలలోకి బాగా వేయించిన గింజే కావాలి, ఆ చేదే పాలని దాటుకుని పైకొస్తుంది, అదీ పాతిక మిల్లీలీటర్ల రిస్ట్రెట్టోనో నలభై మిల్లీలీటర్ల ఎస్ప్రెస్సోనో దింపాలి గానీ నూట పది లుంగో నొక్కకూడదు, లోపలున్నదే ఐదారు గ్రాముల పొడి, దాంట్లోంచి అన్ని నీళ్లు లాగితే చివరికొచ్చేది చేదు నీళ్లే. ఇది తెలుసుకోడానికి నాకు నాలుగు డబ్బాలు పట్టింది. తెలుసుకున్నాక మా వాడు బటన్‌ని బొటనవేలితో అలాగే పట్టుకు నిలబడ్డాడు, ఎంతసేపు నొక్కితే అంత కొలత మీరు గుర్తుపెట్టుకుంటారని వాడికేం తెలుసు పాపం, ఆ రోజు నుంచీ ఎస్ప్రెస్సో అంటే మీరు పెద్ద గ్లాసు నిండా పోస్తూనే ఉన్నారు. ఇంట్లో పెద్దలు లక్షసార్లు చెప్పింది గుర్తుండదు గానీ పిల్లాడు ఒక్కసారి చేసిన తప్పు మాత్రం మీకు భలే గుర్తుంటుంది, అందులో నిజంగా అల్లుడే మీరు.

మీ వంశ చరిత్ర కూడా చదివాలెండి. సంబంధం కలుపుకున్నాక గోత్రం వాకబు చెయ్యడం మా అలవాటు. నెస్లేలో పనిచేసే ఎరిక్ ఫావ్రే అనే స్విస్ ఇంజనీరు, 1976లో పేటెంటు, జనానికి అమ్మకం మొదలైంది మాత్రం 1986లో. అంటే మీ పెద్దల్ని బయటకి తేవడానికే పదేళ్లు పట్టింది, అర నిమిషం కాఫీకి. ఆ పేటెంట్లు 2012కల్లా చాలావరకు గడువు తీరిపోయాయి, అప్పట్నుంచీ ఊరందరూ కాప్సూల్స్ చేస్తున్నారు, మన దగ్గరా దొరుకుతున్నాయి. మేధస్సుకి నేను దండం పెడతా, వెనక నుంచి మూడు ముళ్లు పొడుస్తాయి, వేడి నీళ్లు ప్రెషర్‌తో లోపలికొస్తాయి, ఆ ఒత్తిడికి ముందున్న రేకు చిట్లి కాఫీ కారుతుంది, అంతా వేలెడంత డబ్బీలో. కానీ కాఫీ మొక్కే లేని దేశం వాళ్లు డబ్బీ కనిపెట్టి ప్రపంచానికి కాఫీ అమ్ముతున్నారు, కాఫీ పండే అరకు ఉన్న రాష్ట్రంలోనే పుట్టిన నేను డల్లాస్ నుంచి వచ్చిన డబ్బీలో గింజ ఎక్కడిదో చదవడానికి కళ్లద్దాలు తుడుచుకుంటున్నా. అరకు అరబికా కాఫీకి 2019లో జీఐ గుర్తింపు, అంటే ఇది ఫలానా ఊరి సరుకే అన్న ముద్ర, వచ్చింది, అంతకు రెండేళ్ల ముందే పారిస్‌లో అరకు కాఫీ షాపు పెట్టారు. అది పారిస్ దాకా వెళ్లింది గానీ మా మియాపూర్ వంటింటికి రాలేదు, తప్పు నాదే.

ఇప్పుడు పాల దగ్గరికొద్దాం. కాఫీ షాపుల్లో పాల కాఫీని లాటే అంటారు కదా, ఆ లాటే అంటే ఇటాలియన్‌లో ఉత్త పాలు. అక్కడ కొట్టుకెళ్లి లాటే ఇమ్మంటే పాలగ్లాసు చేతిలో పెడతారు. అంటే మా అమ్మ ముప్పావు గ్లాసు పాలల్లో రెండు చెంచాల చిక్కటి డికాషన్ పోసి ఇస్తున్నది ఏవిటి మరి? ఈ మాట మీ ముందే అమ్మతో అన్నా. "అయితే దానికి ఇంత తతంగం ఎందుకురా" అంది. జవాబు లేక, పాలకి నురగ తెప్పించే మీ ఆవిరి గొట్టం తిప్పా. అక్కడే ఘోరం జరిగింది.

గొట్టం మొన పాలల్లో సరిగ్గా పై పొరకి కాస్త కింద ఉండాలి, కాగితం చింపినట్టు చిర్ చిర్‌మని చప్పుడు రావాలి, అప్పుడు గాలి వెళ్తున్నట్టు, నాలుగైదు సెకన్లయ్యాక మొన కొంచెం కిందికి దించితే పాలు సుడి తిరుగుతూ బుడగలన్నీ నలిగిపోయి పెయింట్‌లాగా మెరవాలి. ఇది వీడియోలో. మా ఇంట్లో ఏమైందంటే మొన లోతుగా పెడితే ప్రెషర్ కుక్కర్ గొంతు పట్టుకున్నట్టు కీచుమంది, భయపడి పైకి లాగా, ఆవిరి ఆపకుండా లాగా, ఇంకేముంది, గోడ మీద క్యాలెండర్లో ఉన్న వెంకటేశ్వరస్వామికి క్షీరాభిషేకం. అమ్మ ఒక్క క్షణం ఆగి దండం పెట్టుకుంది.

పాలు ఏ రకం అన్నది ఇంకో పురాణం. టోన్డ్ పాలు, మూడు శాతం వెన్న, నురగ లేచింది గానీ సబ్బు నురగలా విడివిడిగా ఉంది. గేదె పాలు తెప్పిస్తే చిక్కదనం అద్భుతం, నురగ మాత్రం బద్ధకంగా లేచి కూలబడింది. కాచి చల్లార్చిన పాలైతే మీగడ తరకలు వెళ్లి మీ గొట్టానికి కండువాలా చుట్టుకున్నాయి. చివరికి ఆరు శాతం ఫుల్ క్రీమ్ ప్యాకెట్, ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే, స్టీలు జగ్గులో సగం కన్నా తక్కువ, అప్పుడు కుదిరింది. చల్లగా ఉంటే వేడెక్కడానికి టైము పడుతుంది, ఆ టైములోనే నురగ నలుగుతుంది, కిటుకంతా అదే. జగ్గుకి అరచెయ్యి ఆనించి, ఇంక పట్టుకోలేం అనిపించగానే ఆపాలి, అరవై డిగ్రీలు దాటిన కాసేపటికి, డెబ్బై దాటిస్తే పాలల్లో తీపి పోయి కాగిన వాసనొస్తుంది.

ఆ కాగిన వాసన కోసమే కదా మా అమ్మ డెబ్బై ఏళ్లుగా కాఫీ తాగుతున్నది! పొంగు రాని పాలు ఆవిడ లెక్కలో పచ్చి పాలు. ప్యాకెట్ పాలు డెయిరీలోనే 72 డిగ్రీల దగ్గర పదిహేను సెకన్లు కాచి పంపిస్తారమ్మా అంటే "పదిహేను సెకన్లా, చెయ్యి కడుక్కోడానికి కూడా చాలదు" అంది. నేను నానా తంటాలు పడి చేసిన మొదటి మంచి లాటే, పైన హృదయం ఆకారం గీద్దామని పోస్తే అల్లం కొమ్ములా వచ్చిందనుకోండి, దాన్ని భక్తిగా చేతికిస్తే ఓ గుక్క తాగి, ఏమీ అనకుండా లేచి వెళ్లి, గిన్నెలో పోసి స్టవ్ మీద పెట్టి పొంగు రానిచ్చి, గ్లాసులోకి మూరెడు ఎత్తు నుంచి రెండుసార్లు తిరగపోసింది. పైన రెండు వేళ్ల మందం నురగ. కరెంటు లేదు, గొట్టం లేదు, ట్రాన్స్‌ఫార్మర్ లేదు.

అల్లుడు గారి ఖర్చుల పద్దు కూడా చూద్దాం. తమ్ముడు తెచ్చినవి అయిపోయాక నేను కొన్న కాప్సూల్స్ ఒక్కోటి అరవై రూపాయలు పడ్డాయి. లోపల అయిదున్నర గ్రాములు. కాలిక్యులేటర్ తీసి కొడితే కిలో కాఫీ పొడి పదివేల తొమ్మిదొందలు! రెండోసారి కొట్టి చూసుకుని కాలిక్యులేటర్ హిస్టరీ క్లియర్ చేశా, మా ఆవిడ చూస్తుందని.

తాగాక మిగిలే డబ్బీలు ఇంకో కథ. జర్మనీలో హాంబర్గ్ నగరం 2016లోనే సర్కారు డబ్బుతో కాప్సూల్స్ కొనకూడదని రూలు పెట్టింది చెత్త పెరుగుతోందని. మా ఇంట్లో సర్కారు మా అమ్మ. ఒక్కో డబ్బీ మూత కత్తితో ఒలిచి, పిప్పి కరివేపాకు మొక్కకి వేసి, రేకు కడిగి బాల్కనీలో ఆరబెట్టి, మూడు నెలలు దాచి పాత సామాన్ల అబ్బాయిని పిలిచింది. రెండొందల చిల్లర డబ్బీలు త్రాసులో వేస్తే ముల్లు ఉలిక్కిపడి మళ్లీ పడుకుంది, ఒక్కోటి అటూ ఇటూగా ఓ గ్రాము మరి. "ఏంటమ్మా, బొమ్మల కొలువు సామానా" అనడిగాడు. కిలో అల్యూమినియం అవ్వాలంటే ఇంకో ఎనిమిదొందల కాఫీలు తాగాలి.

అయినా మిమ్మల్ని వెళ్లగొట్టం, భయపడకండి. జనవరిలో చలికి మా ఇంట్లో పెరుగు తోడుకోవడం మానేసింది, పొద్దున చూస్తే పాలు పాలలాగే ఉండేవి. ఓ రాత్రి అమ్మ తోడు గిన్నె తీసుకెళ్లి మీ ట్రాన్స్‌ఫార్మర్ నెత్తిన పెట్టి టవల్ కప్పింది. మీరు తొమ్మిది నిమిషాలు ఎవరూ పలకరించకపోతే గుర్రుపెట్టి నిద్రపోతారు గానీ ఆ చుట్టం మాత్రం రాత్రంతా మెలకువగా మూలుగుతూ గోరువెచ్చగా ఉంటుంది కదా. పొద్దున గిన్నె ఒంపితే కదల్లేదు, చాకుతో కోసేలా ఉంది. అమ్మ ఆ రోజు తమ్ముడికి ఫోన్ చేసి "మిషను చాలా బావుందిరా నాన్నా, మంచిది తెచ్చావు" అంది. వాడు కాఫీ గురించే అనుకున్నాడు. మేం సరిదిద్దలేదు.

కాబట్టి మనవి ఏంటంటే, ఇవాళ రాత్రికి రెండు లీటర్లు తోడు పెడుతున్నాం, రేపు చుట్టాలొస్తున్నారు. తమరు దయచేసి ప్లగ్ పాయింట్ ట్రిప్ చెయ్యకండి. పొద్దున కాఫీ సంగతి మేం చూసుకుంటాం, ఇత్తడి ఫిల్టర్‌లో పొడి ఇప్పుడే వేశాం.

ఇట్లు,
మీ మావగారు, మియాపూర్