హెండ్రిక్స్ వద్దన్నాడు, మీరు వదలట్లేదు

మా వైజాగ్ గిటార్ బ్యాచ్ వాట్సాప్ గ్రూప్‌లో రెండ్రోజుల్నుంచి ఒకటే గోల. ఎవడో అమెరికన్ రాక్ గిటారిస్ట్ జిమీ హెండ్రిక్స్ పాత ఇంటర్వ్యూ పడేశాడు, "అరుదైన వీడియో, తీసేసేలోపు చూసేయండి" అని. బాబూ, అది అమెరికాలో ఏబీసీ ఛానెల్లో దేశమంతా చూసిన డిక్ కావెట్ షో, కావెట్ అనే ఆయన నడిపిన టాక్ షో. 1969లో జూలైలో ఒకసారి, సెప్టెంబర్‌లో ఒకసారి వెళ్ళాడు హెండ్రిక్స్, ఆ రెండూ కలిపి ఎవరో అతికించారంతే, డీవీడీ కూడా ఎప్పుడో వచ్చేసింది. సర్లే, ఇన్నాళ్ళకైనా మనోళ్ళు చూస్తున్నారు కదా అని నేనూ సంబరపడ్డాను. చూశాక వీళ్ళు మాట్లాడుతున్న మాటలకి మాత్రం ఒళ్ళు మండిపోయింది. పోస్ట్ పొడుగ్గా ఉంటుంది, ఓపిక లేనోళ్ళు పైకి తోసేసుకోండి.

ముందు దేవుడు బ్యాచ్ సంగతి చెప్తా. కావెట్ ఏమంటాడు, ప్రపంచంలో ఉన్న గొప్ప గిటారిస్టుల్లో నువ్వొకడివని అంటున్నారు కదా అంటాడు. ఈయన అబ్బే కాదు కాదంటూ నవ్వేస్తాడు. పోనీ ఈ స్టూడియోలో ఉన్నవాళ్ళల్లో అనుకుందామా అంటే, ఈ కుర్చీలో కూర్చున్నవాళ్ళల్లో అనుకోండి చాలు అన్నట్టు సమాధానం. ఆ గొంతు ఎంత మెత్తగా ఉంటుందంటే వాల్యూమ్ పెంచితే గానీ సగం మాటలు వినపడవు. మాంటెరే మ్యూజిక్ ఫెస్టివల్లో స్టేజ్ మీద గిటార్ తగలబెట్టిన మనిషి ఈయనేనా అనిపిస్తుంది. సరే, అంత ముచ్చటైన ముక్క చూసి మా గ్రూప్‌లో మొదలైంది ఏంటయ్యా అంటే గిటారిస్టుల్లో క్లాప్టన్ గొప్పా హెండ్రిక్స్ గొప్పా, మధ్యలో ఇంకొకడు ఇంకో గిటారిస్ట్ జిమ్మీ పేజ్‌ని లాక్కొచ్చాడు. తెల్లారేదాకా అదే. జగదాంబ దగ్గర రిలీజ్ రోజు కటౌట్‌కి పాలు పోసే కుర్రాళ్ళకీ మీకూ తేడా ఏంటి గురూ? వాళ్ళు నయం, వాళ్ళ హీరో కనీసం వద్దనలేదు. ఈయన ఎదురుగా కూర్చుని నాకా కిరీటం వద్దురా నాయనా అంటుంటే బలవంతంగా నెత్తిన పెట్టి, ఆ కిరీటం కోసం మీరు కొట్టుకుంటున్నారు.

రెండోది చావు బ్యాచ్. వీళ్ళంటే నాకు ఇంకా చిరాకు. "కళ్ళు చూడండి, అప్పటికే తెలిసిపోయింది పాపం" అంట. ఏం తెలిసిపోయింది? 1970 సెప్టెంబర్ 18న లండన్‌లో పోతానని సంవత్సరం ముందే కళ్ళల్లో రాసుకుని కూర్చున్నాడా? తర్వాత షరామామూలే, ఇరవై ఏడేళ్ళ శాపం, ఈయనలాగే ఆ వయసులోనే పోయిన సింగర్లు జానిస్ జోప్లిన్, జిమ్ మారిసన్, కర్ట్ కోబెయిన్, అందరి ఫొటోలూ కలిపి ఒక కొలాజ్, కింద ఏడుపు బొమ్మలు. ఆ మనిషి అలిసిపోయి ఉన్నాడు, నిజమే. నెర్వస్ బ్రేక్‌డౌన్ ఎప్పుడైనా వచ్చిందా అని అడిగితే, ఈ ఫీల్డ్‌లోకి వచ్చాక ఓ మూడు వచ్చుంటాయని జలుబు లెక్క చెప్పినట్టు చెప్తాడు. అక్కడ ఆగి ఆలోచించండి, పాతికేళ్ళు దాటిన కుర్రాడిని ఎంత తిప్పితే ఆ మాట వస్తుందో. అది వదిలేసి జాతకాలు ఎందుకు? పోయే ముందు కూడా ఊరికే లేడు, న్యూయార్క్‌లో ఎలక్ట్రిక్ లేడీ అని సొంత స్టూడియో కట్టించుకున్నాడు, 1970 ఆగస్టు చివర్లో ఓపెనింగ్, ఆ తర్వాత నెల తిరక్కుండానే పోయాడు. పోవాలనుకునేవాడు సొంత స్టూడియో కట్టుకోడు కదా.

రీల్స్ చేసేవాళ్ళ గురించి ఒక్క ముక్కే. రోజూ లేచి పని చేసే క్రమశిక్షణ ఉందా నీకు అని అడిగితే, రోజూ లేవడానికైతే ట్రై చేస్తుంటాను అంటాడు. జోకు రా అది! జనం నవ్వుతారు కూడా. ఆ నవ్వు కోసేసి, వెనకాల ఏడుపు వయొలిన్ పెట్టి, "ప్రతి రోజూ లేవండి, పోరాడండి" అని రాసి వదిలాడు మనవాడొకడు. వాడికి లైకులే లైకులు.

ఇంత చెత్తలో నాకు నచ్చిన స్పందన ఒక్కటే, అది కూడా తిట్టే. మా గ్రూప్‌లో ఒకడి వాళ్ళ నాన్నగారు నేవీలో చేసి రిటైరయ్యారు. వాడు సూటిగా అన్నాడు, "జాతీయ గీతంతో ఆటలేంటి అన్నా, మన బీచ్ రోడ్డులో నేవీ డే రోజు ఎవడైనా జనగణమన అలా వాయిస్తే ఊరుకుంటామా?" అని. అందరూ వాడి మీద పడ్డారు, నీకు రాక్ తెలీదు ఫో అని. నేనంటా, మొత్తం గ్రూప్‌లో ఇంటర్వ్యూ నిజంగా విన్నది వాడొక్కడే. ఎందుకంటే కావెట్ అడిగిందీ అదే. వుడ్‌స్టాక్ మ్యూజిక్ ఫెస్టివల్లో అమెరికా జాతీయ గీతం గిటార్ మీద వాయించి అప్పటికి నెల కూడా కాలేదు, వియత్నాం యుద్ధం నడుస్తోంది. ఆ గీతాన్ని మామూలుగా కాకుండా ఇంకోలా వాయిస్తే తిట్లు ఉత్తరాల్లో వస్తాయి గ్యారంటీ అంటాడు కావెట్. హెండ్రిక్స్ గొంతు పెంచడు, వాదించడు. నేను అమెరికావాణ్ణి కాబట్టి వాయించాను, స్కూల్లో పాడించేవాళ్ళు అది, అయినా అందులో వింతేముంది, నాకైతే అందంగా అనిపించింది అంటాడు. చప్పట్లు. ఆ మాటల మధ్యలోనే కావెట్, ఈయన అమెరికా ఆర్మీ 101వ ఎయిర్‌బోర్న్‌లో చేసిన మనిషి, ఉత్తరాలు రాసేముందు అది గుర్తుంచుకోండి అన్నట్టు చెప్తాడు. అవును, పారాట్రూపర్. 1961లో చేరాడు, మరుసటేడు బయటికొచ్చాడు. యూనిఫాం వేసుకుని విమానంలోంచి దూకినవాడికి ఆ గీతం తెలీదనా?

ఆ వాయించింది కూడా రాత్రి లైట్ల మధ్య కాదు. ఆదివారంతో అయిపోవాల్సిన ఫెస్టివల్ లాగి లాగి సోమవారం పొద్దున, ఆగస్టు 18న, చాలామంది జనం ఇంటిదారి పట్టాక. గీతం మధ్యలో ఈయన తెప్పించిన ఆ బాంబుల మోత ఎలా వస్తుందో చూద్దామనుకున్నాం. మా మద్దిలపాలెం జూనియర్ దగ్గర ట్రెమొలో బార్, అంటే నొక్కితే తీగలు వదులయ్యే కడ్డీ, ఉన్న గిటార్ ఒకటుంది, మన ఉప్పు గాలికి తీగలు తుప్పు పట్టి వాడి వేళ్ళు ఎప్పుడూ నల్లగానే ఉంటాయి, వాడి చేత చేయించి చూశాం. ఆంప్ (గిటార్ సౌండ్ పెంచే స్పీకర్ పెట్టె) వాల్యూమ్ బాగా పెంచి గిటార్‌ని దాని ముందుకి తీసుకెళ్తే, స్పీకర్ మోతకి తీగ దానంతటదే ఊగుతుంది, ఆ ఊపుని తీగల కింద ఉండే పికప్ పట్టుకుని మళ్ళీ ఆంప్‌కే పంపిస్తుంది, అలా తిరిగి తిరిగి కీచుమని అరుపు మొదలవుతుంది, చెయ్యి వేయకుండానే. అప్పుడు బార్ మెల్లగా కిందికి నొక్కితే తీగ వదులై ఆ అరుపు జారిపోతూ కిందికి పడిపోతుంది. బాంబు పడుతున్నట్టే ఉంది మావా, కింద ఫ్లోర్ ఆంటీ పరిగెత్తుకుని పైకొచ్చేసింది. గీతంలో రాకెట్లు, బాంబుల మాటలు వచ్చే చోట పాటగాడు నోటితో అనేస్తాడు, ఈయన అవి వినిపించాడు. అది అవమానమా అన్నది మీరు తేల్చుకోండి, కానీ ఆ మనిషి ఏం చెప్పాడో విని తేల్చుకోండి.

మా నేవీ వాళ్ళబ్బాయికి ఇదంతా చెప్పాను. మొత్తం విన్నాడు. "అర్థమైంది అన్నా, అయినా మనది మాత్రం ఎవర్నీ ముట్టుకోనివ్వను" అన్నాడు. నాకేం బాధ లేదు, వాడితో ఇంకో గంట మాట్లాడమన్నా మాట్లాడతా. క్లాప్టన్, పేజ్ గొడవ చేసినోళ్ళకి మాత్రం ఆదివారం మా మేడ మీదకి రమ్మని మెసేజ్ పెట్టాను, మొత్తం ఇంటర్వ్యూ స్పీకర్‌లో వేస్తా, ఫోన్లు మెట్ల దగ్గరే పెట్టి రండి అని. ఇప్పటిదాకా బ్లూ టిక్కులే, జవాబు లేదు.